సాంచెల గోడ పక్క సోడా

వడోద్ గల్లీల బట్ట నేసే సాంచెల కార్ఖానా గోడకు ఆనుకొని ఐలమ్మ సోడా దుకాణం పెట్టి వారమైంది. ఆ వారం నుంచి ఏ సీసా మూత తీసినా సోడా బుస్సున పొంగుడే. సగం తాగెటోని అంగీ మీద, సగం నేల మీద. గిరాకీ అంత గల్లీ చివరి దుకాణానికి మళ్లింది. ఇయ్యాల గూడ గిట్లనే అయితే దుకాణం బంద్ చేసి, మళ్ల కార్ఖానాల నూలు కండెలు చుట్టనీకి పోవుడే అని పొద్దుగాలనే అనుకున్నది ఐలమ్మ. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ముచ్చట్లకని వచ్చి బల్ల మీద కూసున్న సదానందం మాత్రం కాలు మీద కాలేసిండు. "గింత దానికే బుగులైతే ఎట్ల చెల్లె? హజీరా రేవు కాడ సోడా కంపెనీల పనిచేసిన్నాడు గిసుంటి సీసాల్ని ఉత్త కంటిచూపుతోటి ఆపిన."

"అయితే గిది ఆపు," అని ఐలమ్మ గోడకున్న అరలకెల్లి ఒక సీసా తీసి ముంగట పెట్టింది.

సదానందం తన కొత్త తెల్లంగి దిక్కు చూసుకున్నడు. "ఆగు ఆగు, తొందరేంది? ముందుగాల ఐసు బకీట్ల పెట్టు. కథ ఇను, తర్వాత తీద్దాం."

సీసా ఐసుల మునిగింది, సదానందం నోరు తెరిచిండు.

"సోడా అంటే ఏందనుకున్నవ్? గ్యాసును నీళ్లల్ల బలవంతంగ కుక్కి మూత బిగిస్తరు. మూత తియ్యంగనే అది బయటికి ఉరుకుతది. నీళ్లు సల్లగుంటే జర మాటింటది, ఏడెక్కినయా, అస్సలు ఇనది. ఒకనాడు ఎర్రటెండల మా కంపెనీల మనిషంత సీసా మూత ఊడింది. నురుగు మోకాళ్లదాంక! అందరు ఉరికిండ్రు, నేనొక్కన్నే నిలబడ్డ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ లుంగీ తడిసింది," అన్నడు పక్క కార్ఖానాల పనిచేసే పరమేశ్వర్.

"నోర్ముయ్యిరా! నురుగు రోడ్డెక్కింది, కంపెనీ బస్సులు మూడు తేలినయ్, రేవుల ఉండాల్సిన ఓడ రోడ్డు మీదికొచ్చి హారన్ కొట్టింది. నేను పోయి సీసా మూతి మీద కూసున్న. అది ఊకుంటదా? లేపింది చూడు నన్ను! పల్సానా ఊరు దాటిన, మబ్బులు దాటిన, అక్కడికెల్లి చూస్తే సిరిసిల్లల మా అవ్వ మక్కలు ఎండవోస్తుంది. 'తిన్నవా బిడ్డా?' అని అడిగింది గూడ!"

"మరి ఎట్ల దిగినవే?" అని అడిగిండు పరమేశ్వర్.

"జేబుల ఇంకో సోడా ఉండె. మూతి పైకి పెట్టి తీసిన, అది నన్ను కిందికి తోసింది. దిగంగనే పెద్ద సీసాను గుర్రున చూసిన. అంతే, గప్‌చుప్!"

ఐలమ్మకు ఓపిక అయిపోయింది. బకీట్లకెల్లి సీసా తీసి, కండ్లు మూసుకొని మూత లేపింది.

స్స్‌మన్నది, అంతే. చుక్క బయటవడలే. పరమేశ్వర్ ఒక్క గుక్క తాగి, "అబ్బా, ముక్కులకెక్కిందే!" అన్నడు.

సదానందం మీసం తిప్పిండు. "చూసినవా నా చూపు?"

ఐలమ్మ గోడ మీద చెయ్యి పెట్టింది. సాంచెల దడదడకు గోడ వణుకుతుంది, అరలల్ల సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలంటున్నయ్. ఇరవై ఏండ్లు ఆ చప్పుట్లనే బతికింది గనక ఆమెకది ఎన్నడు ఇనవడలే. వారం నుంచి ఆపుకున్న ఏడుపు ఇప్పుడు నవ్వై బయటికొచ్చింది. హమ్మయ్య, దుకాణం నిలవడ్డది.

"చూపు గాదే అన్నా! సాంచెలు పొద్దంత వీటిని ఊపుతుండె, ఎండకు గోడ కాగుతుండె. నువ్వు కోతలు కోసిన అర్ధగంట ఈ సీసా కదలకుంట ఐసుల ఉన్నది, గందుకు ఊకున్నది."

పరమేశ్వర్ పగలబడి నవ్విండు. సదానందం ఆ సీసా గుంజుకొని మిగిలింది గటగట తాగిండు.

ఐలమ్మ అప్పటికే అరలల్ల సీసాలను పెట్టెలల్లకు దింపి గోడకు దూరం జరుపుతుంది. "గని రోజు రాయే అన్నా," అన్నది. "నీ కథ అయ్యేటాల్లకు నా సీసాలన్ని ఐసుల సల్లవడ్తయ్."