పెంబ్లీ దొరకు మొదటి టెంకాయ

కూర్చున్నవాళ్లు కాస్త సర్దుకోండి, నిలబడినవాళ్లు దగ్గరికి రండి. అహోబిలం నరసింహస్వామిని మనసులో తలుచుకునే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఈ కథలో అబద్ధాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా నాది కాదు.

కోయిలకుంట్ల బస్టాండుకు ఎదురుగా కృష్ణవేణమ్మ టీ అంగడి. ఆ పొద్దు బెంచీలు చాలక జనం నిలబెట్టిన స్కూటర్ల మీద కూడా కూర్చున్నారు. గోడకు ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో తెల్లజుట్టు, ఎర్రముక్కు, ఏదో అల్లరి చేసి వచ్చినట్టు నవ్వే కళ్లు. ఆయన పేరు ఆర్థర్ పెంబ్లీ. ఇంగ్లండు పార్లమెంటులో తల నెరిసిపోయిన మనిషి, మంత్రిగా కూడా చేశాడు. తొంభై దాటిన వయసులో నిద్రలోనే పోయాడని ముందురోజు ఫోన్లలో వార్త వచ్చింది. ఆయన లేచి మాట్లాడతాడంటే చాలు, ఎదుటి పార్టీవాళ్లు తాగుతున్న కాఫీ వదిలేసి వచ్చి కూర్చునేవాళ్లట. తిట్టించుకున్నవాళ్లే ముందుగా నవ్వేవాళ్లట.

ఆయనకూ కోయిలకుంట్లకూ ఏమిటి సంబంధమంటారా? ఒక కరువు సంవత్సరం, ఆయన జుట్టు ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, కరువు పనులు చూడటానికి జీపులో ఇటు వచ్చాడు. ఇదే అంగట్లో కృష్ణవేణమ్మ అత్త చేతి జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ తిన్నాడు. వెంట వచ్చినవాళ్లెవరో, రోడ్డు బాగాలేదు, మన్నించండి అన్నారట. దొర మూతి తుడుచుకుని, "గుంతలు చాలా బాగున్నాయి. మధ్య మధ్యలో రోడ్డే అడ్డం వస్తోంది," అన్నాడట. ఆ మాట పత్రికలకెక్కింది. పైవాళ్లకు సిగ్గేసింది. మళ్లీ వానలు పడేలోపల ఊరికి తారురోడ్డు వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని దొర రోడ్డనే అంటారు.

అందుకని ఊరంతా ఒక మాట అనుకున్నారు. దొర రొట్టె తిన్నచోటనే ఫోటో పెట్టి, పూలదండ వేసి, టెంకాయ కొట్టాలని. దొర క్రైస్తవుడు కదా, టెంకాయేమిటని ఎవరో సణిగితే, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన లాజరు, ముందు తాను ప్రార్థన చేస్తాననీ, ఆ తర్వాత టెంకాయ సంగతి పైనున్నాయన చూసుకుంటాడనీ తేల్చేశాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. పైవాడు పాస్‌పోర్టు చూసి పలికేవాడైతే మనలో ఎందరికి పలికేవాడు?

చిక్కు వేరేచోట వచ్చింది. మొదటి టెంకాయ ఎవరు కొట్టాలి? మా సీమలో ఇది చిన్న సంగతి కాదు. దీనికోసం అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, తేర్లు నడివీధిలో ఆగిపోయాయి. ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకున్న కాంట్రాక్టరు భూపేష్ రెడ్డి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో ముందే సిద్ధంగా ఉన్నాడు. అంగడి కృష్ణవేణమ్మది కాబట్టి తీర్పు ఆమె మీద పడింది. ఆమె టీ వడగడుతూనే చెప్పింది. ఖర్చు పెట్టినవాళ్లు కాదు, దొరకు దగ్గరైనవాళ్లు కొట్టాలి.

ఆ మాట చెవిన పడగానే గుడ్డలంగడి రామలింగయ్య లేచి నిలబడ్డాడు.

ఈ రామలింగయ్యను గురించి ఒక ముక్క చెప్పాలి. డెబ్బై ఏళ్ల మనిషి. దేవళం కమిటీలో పేరుంది గాని, మొదటి మర్యాద ఏనాడూ ఆయన గడప తొక్కలేదు. పెద్దన్న ఉన్నంతకాలం అన్నకు, అన్న పోయాక అన్న కొడుక్కు. ముందు వరుసలోనే నిలబడతాడు, చేతికి మాత్రం ఎప్పుడూ రెండో టెంకాయ. ఈ ఒక్కసారైనా మొదటిది తన చేతిమీదుగా పగలాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఆ పొద్దున గుడికి పోయి, గంట కొట్టి, స్వామీ ఈ ఒక్కటి ఇప్పించు అని మొక్కుకుని కూడా వచ్చాడు. మొక్కుకుని ఊరుకోక, దేవుడి సాయానికి తన సాయం కూడా కలిపాడు.

మొదలుపెట్టింది చిన్న మాటతోనే. దొర వచ్చిన రోజు అంగట్లో సరైన కుర్చీ లేకపోతే, తానే గుడ్డలంగట్లోంచి తెచ్చి వేశానన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆ రోజు చూసినవాళ్లలో మిగిలిందే కొందరు, వాళ్లకూ ఇప్పుడు చూపు సరిగా ఆనదు. బెంచీ చివర దండ కడుతున్న ఆయన భార్య అలివేలమ్మ తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ పూలలోకి తల దించుకుంది. ఎవరూ కాదనకపోవడమే రామలింగయ్యకు బలమైంది.

"కుర్చీ వేసినానా, దొర కూచోలే. ముందు నువ్వు కూచో అన్యాడు. తెలుగులో అన్యాడా, ఇంగిలీసులో అన్యాడా అని అడగగాకండి, మనసులు కలిసినాక భాషతో ఏం పనప్పా. నేను కూచున్యా. ఆయప్ప నా పక్కన బెంచీ మీద కూచున్యాడు. ఇంగ ఆ గుంతల మాట ఉండాది సూడండి, ఊరంతా చెప్పుకుంటాండారే, అది ఎవురి మాట అనుకుంటాండారు?"

"దొరది," అన్నాడు భూపేష్.

"చెవిలో చెప్పింది ఎవురు?"

భూపేష్ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అప్పటికి ఆయనింకా పుట్టలేదు.

ఇక ఆగితే ఒట్టు. మాట విన్న దొర కడుపు పట్టుకుని నవ్వి, ఇంత తెలివి ఈ ఎండలో మాడిపోకూడదని జీపెక్కించుకున్నాడట. జీపులోంచి రైలు, రైల్లోంచి బొంబాయి, బొంబాయిలో విమానం. సముద్రం మీదికి పోగానే విమానం ఇంజను వేడెక్కి పొగలు కక్కిందట. తెల్లవాళ్లంతా కళ్లు మూసుకుని ప్రార్థనలు చేస్తుంటే, రామలింగయ్య తన పంచె విప్పి, తడిపి, ట్రాక్టరుకు చుట్టినట్టు ఇంజనుకు చుట్టాడట.

"రెక్క మీదికి ఎట్ల పోయినావప్పా?" అని అడిగాడు లాజరు.

"కిటికీలోంచి. అప్పుడు సన్నగుంటి."

"పంచె లేకుండా దిగినావా లండన్లో?"

"దొర తన కోటిచ్చినాడు. మోకాళ్ల కిందికి వచ్చె. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నేరుగా పార్లమెంటుకే. ఆ పొద్దు రెండు పార్టీలోళ్లు ఒగరి మీద ఒగరు అరుచుకుంటాండారు, చెవులు పగిలిపోతాండాయి. దొర లేచి, మా కోయిలకుంట్లాయన ఒచ్చినాడు, ఒగ మాట చెప్తాడు అనె. నేను లేసినా. మన పక్క జరిగినదే ఒగటి చెప్పినా. అంతేప్పా, ఆ పక్కోళ్లు ఈ పక్కోళ్ల ఒళ్లో పడి నవ్విరి. ఆ నవ్వు అదురుకు గోపురం మీద గడియారం ముల్లు నిలిచిపాయె. ఊరికి ఊరు టైము తెలీక మధ్యాన్నం కూడు రాత్రి తినిరి. ఇంగెవురూ ఎక్కలేకపోతే నేనే ఎక్కి సరిచేసి వస్తి."

"ఏం టైము పెట్టినావు?"

"నాకు తెలిసింది కోయిలకుంట్ల టైమే కదప్పా, అదే పెట్టినా."

జనం ఊగిపోతున్నారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే కృష్ణవేణమ్మ మళ్లీ వెలిగించింది. రామలింగయ్యకు ఆ నవ్వులు చన్నీళ్ల స్నానంలా ఉన్నాయి. ఒళ్లంతా తేలికైంది. తిరుగు ప్రయాణంలో లండన్ మంచును నూనెడబ్బాలో పట్టి, మూత బిగించి తెచ్చాడట. కుందూ ఒడ్డున నిలబడి మూత తీశాడట. ఎండి పగుళ్లు చూపించే ఏరు రెండు గట్లూ తన్నుకుని పారిందట. డబ్బా అడుగున కొంచెం మిగిలితే, కడప పక్కవాళ్లు చెంబులు పట్టుకుని వచ్చి అడిగి పోసుకుని పోయారట.

నిజం చెప్పాలంటే ఆయన అక్కడ ఆగి ఉండవచ్చు. భూపేష్ అప్పటికే చొక్కా జేబులోంచి రుమాలు తీసి కళ్లు తుడుచుకుంటూ, నీకంటే దగ్గరోళ్లు లేరులే అన్నా, అని చేతులెత్తేశాడు. టెంకాయ బల్ల మీద, చేతికందేంత దూరంలో ఉంది. కానీ పూర్తిగా తనదైందని నమ్మకం కుదరాలి కదా. ఇన్నేళ్లూ రెండోదే అందుకున్న చెయ్యి. ఇంకెవరూ నోరెత్తకుండా చివరి మేకు కొట్టేయాలనుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"దొర వాళ్లమ్మ ముసలామె. మా ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి ఒగే తట్టలో కూడు పెట్టె. ఇంతవరకు నాకు ఒగ కొడుకే, ఇంగ ఇద్దరు అనె. వాళ్ల ఫాదరును పిలిపించి, నన్ను దత్తు తీసుకునె. దొర నా భుజం మీద చెయ్యేసి, తమ్ముడూ, ఈ పొద్దునుంచి నీ ఇల్లూ నా ఇల్లూ ఒగటే, నీ మంచీ నా మంచీ ఒగటే అనె. చెప్పండప్పా, సొంత తమ్మునికంటే దగ్గరోడు యాడుండాడు?"

ఆ మాట చెబుతుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి మాత్రం నిజమైన నీళ్లే. రామలింగయ్య కండువా భుజాన సర్దుకుని, బల్ల మీది టెంకాయను రెండు చేతులా అందుకున్నాడు.

"టెంకాయ కింద పెట్టన్నా," అంది కృష్ణవేణమ్మ. "నీకు మైల."

ఒక్కొక్కరి మొహమూ దీపం వెలిగినట్టు వెలుగుతూ వచ్చింది. అన్న చచ్చిపోతే తమ్ముడికి పదిరోజులు మైల. దీపం పెట్టకూడదు, టెంకాయ ముట్టకూడదు. ఇది మా దగ్గర పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు, దేవళం కమిటీలో ఉండే రామలింగయ్యకు తెలియదా? తెలుసు. నోటి వేగంలో గుర్తు రాలేదు, అంతే. కృష్ణవేణమ్మ గొంతు పెంచకుండానే మిగతాదీ చెప్పింది. దత్తు పోయినా మైల మైలేనట. చావు కబురు విన్నాక పొద్దున గుడికి పోయి గంట కొట్టాడు కాబట్టి పూజారికి చెప్పి శుద్ధి చేయించాలట. రామలింగయ్య మాత్రం ముందుగా కట్టుబట్టలతో తలమీద నీళ్లు పోసుకోవాలట.

రామలింగయ్య టెంకాయను చూశాడు. అంత దగ్గర కాదులేమ్మా అని ఒక్క మాటంటే మైల పోతుంది. ఆ మాటతోపాటు అమ్మ పోతుంది, తట్ట పోతుంది, గడియారం, విమానం, డబ్బాలో మంచు అన్నీ పోతాయి. అన్నీ పోయాక దగ్గరోడెట్లవుతాడు? టెంకాయా పోతుంది. ఎటు తిరిగినా చేతికి రాదని అర్థమైంది. ఆయన దాన్ని తీసుకుపోయి భూపేష్ రెడ్డి చేతుల్లో పెట్టాడు. అంగడి పక్కన కొళాయి దగ్గరికి నడిచి, నిండు బకెట్టు ఎత్తి, కండువాతో సహా నెత్తిన కుమ్మరించుకున్నాడు. పోయినాయన అన్నే అన్నట్టు, తూర్పుకు తిరిగి దండం కూడా పెట్టాడు.

లాజరు టోపీ తీసేశాడు. చెప్పిన అబద్ధానికి ఇంత నిజాయితీగా కట్టుబడిన మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు.

అప్పుడు కృష్ణవేణమ్మ అలివేలమ్మ వైపు తిరిగింది.

"వదినా, నీకూ మైలే. ఈ పదిదినాలు అన్నను గడప దాటనీగాకు. అంగడికి రాకూడదు, బెంచీ మీద కూచోకూడదు. ఇంట్లోనే కూచోబెట్టుకో."

అలివేలమ్మ చేతిలో దండ ఆగిపోయింది. పెళ్లయిన నాటినుంచి ఆమె నలుగురిలో మొగుణ్ణి ఒక్క మాట అని ఎరగదు. పదిదినాలు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా. వినడానికి ఇంకెవరూ లేకుండా. ఆమె పూలగంప పక్కన పెట్టి, కొంగు దులుపుకుని లేచింది.

"చూడు కృష్ణవేణీ. ఈ మనిషి లండన్ కాదు, గుత్తి రైలుటేషన్ కూడా దాటి ఎరగడు. ఆ దొర ఒచ్చిన పొద్దు ఈయప్ప ఈ ఊళ్లోనే లేడు. కొత్తల్లుడని మా అమ్మోళ్లు పండక్కి రాజంపేటకు పిలిస్తే, ఒచ్చి జరంతో ముసుగు పెట్టినాడు. కషాయం పోసింది నేను. దొర ఒచ్చిపోయిన సంగతి మా నాయన పేపరు చదివి చెప్తేనే తెలిసింది. చుట్టమూ కాదు, మైలా లేదు. నీకు దండం పెడ్తా, రోజూ మాదిరే ఈయప్పను ఈడనే కూచోనీ."

నాయనలారా, ఆ నవ్వును నేను చెప్పలేను. బస్టాండులో బయల్దేరబోయిన నంద్యాల బస్సు ఆగి, డ్రైవరు దిగి వచ్చి ఏమైందని అడిగాడు. లాజరు బెంచీ మీద కూలబడ్డాడు. కృష్ణవేణమ్మ కొంగుతో నోరు మూసుకుంది. నీళ్లోడుతూ కొళాయి దగ్గర నిలబడ్డ రామలింగయ్య ముందు నేలను చూశాడు, తర్వాత భార్యను చూశాడు, తర్వాత ఆయన పొట్ట కూడా కదలడం మొదలుపెట్టింది.

భూపేష్ రెడ్డి నవ్వాపుకోలేక తూలుతూ వచ్చి, టెంకాయను ఆయన తడిచేతుల్లో పెట్టాడు.

"కొట్టన్నా. దొర పోయినాడని కూడిన జనం ఇట్ల నవ్వితే, దానికంటే ఆయప్పకు ఇంగేం మర్యాద కావల్ల? ఇది నీదే."

కృష్ణవేణమ్మ కాదనలేదు. లాజరు కళ్లు తుడుచుకుని, నిలబడి, నవ్వించే మనుషుల్ని మాకు పంపుతుండు ప్రభువా అని చిన్న ప్రార్థన చేశాడు. అందరూ చేతులు జోడించారు. రామలింగయ్య ఫోటో ముందు రాయి దగ్గర వంగి, టెంకాయను తలమీదికెత్తాడు. ఎత్తినచెయ్యి ఎత్తినట్టే ఉంచి, జనం వైపు తిరిగాడు.

"జరమొచ్చిన మాట నిజమేప్పా. అయితే ఎంత జరమనుకుంటాండారు? నా నుదుటి మీద మా అత్త దోసె పోసి..."

"ముందు కొట్టు," అంది అలివేలమ్మ.

కొట్టాడు.