నీలం రేకులో ఎవరూ లేరు

ఏదీ, ఆ నీలం రేకా? అది మాత్రం కదపకమ్మా ఉషశ్రీ. నీ స్టిక్కర్ల శాంపిలు బోర్డుకి ఆ పక్కన ఇంకో మేకు కొట్టిస్తాలే. పాత ఇనుములో వెయ్యడానికి అదేం తుప్పు రేకు కాదు, దగ్గరకెళ్లి చూడు, ముప్పై ఏళ్లయినా ఎక్కడా పెచ్చు లేవలేదు. నా చేత్తో వేసిన పెయింటు మరి. మధ్యలో ఖాళీగా ఉందేంటంటావా? ఖాళీగా ఉండాలనే వేశాను. నవ్వకు. చుట్టూ చూశావా, మకరతోరణం, పైన గొడుగు, అటో ఏనుగు ఇటో ఏనుగు, తొండాల్లో పూలదండలు, కింద రెండు దీపాలు. అన్నీ ఉన్నాయి, ఆసామీ ఒక్కడే లేడు. పెళ్లిపందిరి వేసి పెళ్లికొడుకుని మర్చిపోయినట్టు లేదూ? మర్చిపోలేదమ్మా, అదంతా నాగేశ్వరరావు మాస్టారి చలవ. కూర్చో, ఆ టైరు మీద కూర్చో. టీ వచ్చేలోపు చెప్పేస్తా, అవ్వకపోతే రెండో టీ తాగుదాం.

మాస్టారంటే కాలేజీలో వేదాంతం చెప్పినాయన. బక్కపల్చటి మనిషి, పంచె, చేతిలో గొడుగు. మనిషి మెత్తన, మాట మాత్రం మేకు. దేవుడికి రూపం లేదు, పేరు లేదు, కోపం లేదు, దయ కూడా లేదు, ఉన్నది ఉన్నట్టు ఉంటుందంతే అనేవారు. ‘ఉంటాడు’ అంటే ఒప్పుకునేవారు కాదు, ‘ఉంటుంది’ అనాలి. నలభై ఏళ్లు పిల్లలకి అదే చెప్పి రిటైరయ్యారు. అలాంటాయనకి లారీ ఎందుకంటావు? బావమరిది మాట విన్నారు. ఇద్దరం కలిసి తిప్పుదాం బావా అని కొనిపించి, వాడు ఆర్నెల్లకి హైదరాబాదు చెక్కేశాడు. బండి మాస్టారి మెడకి చుట్టుకుంది. డ్రైవరు సాంబయ్య. వాడి మీసం లారీ అద్దంలో పట్టేది కాదు. అంతకుముందు తోలిన బండి కాలవలో పడితే, ‘సామీ’ అని ఒక్క కేక పెట్టి గట్టునపడ్డ మనిషి. అప్పట్నుంచి మంగళగిరి నరసింహస్వామి అంటే ప్రాణం.

బాడీ కట్టించి బండి నా షెడ్డుకి తెచ్చారు. క్యాబిను మీద, అద్దానికి పైనుంటుంది చూడు రేకు, అది లారీకి నుదురు. అక్కడ దేవుణ్ణి వెయ్యడమే నా పని. ఎవర్ని వెయ్యమంటారు మాస్టారూ అన్నా. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు. ‘నరసింహసామిని’ అని సాంబయ్య, ‘ఎవర్నీ వద్దు’ అని మాస్టారు. ఇహ చూస్కో! ‘ఏమయ్యా సాంబయ్యా, అనంతమైనదాన్ని మూడడుగుల రేకులో ఇరికిస్తావా?’ ‘ఇరికించడం కాదండీ, కూర్చోబెట్టడం. అంత పెద్దదైనప్పుడు మూడడుగుల రేకులోకి రావడం చేతకాదాండీ దానికి?’ మాస్టారికి ఆ మాట లోపల నచ్చింది, నేను చూశాను, పెదవి కొరుక్కున్నారు. కానీ తగ్గుతారా? సాంబయ్య తాళాలు తీసి బానెట్టు మీద పెట్టేశాడు. ‘హనుమాన్ జంక్షన్ కాడ బస్సు మీదకొచ్చేస్తే ఎవర్ని పిలవాలండీ నేను? ఓ ఏవీ లేనిదానా అనాలా? అది అనేలోపు పోతానండీ. సామి లేని బండి తోలను.’ మూడ్రోజులు బండి ఇక్కడే, ఇదిగో నువ్వు కూర్చున్న చోటే. పెద్దాయన నలభై ఏళ్ల మాట ఒకపక్క, వాడి ప్రాణభయం ఒకపక్క, మధ్యలో నేనూ నా బ్రష్షూ.

నాలుగోరోజు నేనే తెగించి ఇదిగో ఇలా, చుట్టూ హంగంతా వేసి మధ్యలో వదిలేశా. మాస్టారూ, మీది మీకుంది. సాంబయ్యా, నీ సామి వచ్చి కూర్చోడానికి పీట వేశాను, పిలుచుకో అన్నా. ఇద్దరూ అరగంట తల గోక్కుని ఒప్పుకున్నారు. మళ్లీ రంగు దగ్గర పేచీ! ‘మధ్యలో రంగు కూడా వద్దు హనుమయ్యా, దానికి రంగు లేదు’ అంటారీయన. మాస్టారూ, రంగు లేకపోతే వానాకాలం దాటేలోపు తుప్పు పడుతుందండీ అన్నా. గొడుగు కొనతో రేకు మీద తట్టి చూసి, ‘అయితే తుప్పు పట్టనంత వెయ్యి’ అన్నారు. హహ్హా... ఆగు, నీళ్లు తాగనీ.

ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు నుంచి ఇటుకల బట్టీలకి బూడిద తోలడం ఆ బండి పని, రాత్రికి తెచ్చి ఇక్కడే నా షెడ్డు ముందు పెట్టేవాళ్లు. మొదటి వారమే కొంప మునిగింది. సాయంత్రం బండొచ్చి ఆగింది, చూద్దును కదా, నీలం మీద తెల్లగా బూడిద పట్టి, మంచుకి తడిసి కారి, అచ్చం జూలు, కోరలు! సాంబయ్య కిందకి దూకి సాష్టాంగం. ‘వచ్చాడండీ, పీటేస్తే వచ్చి కూర్చున్నాడండీ!’ చుట్టుపక్కల షెడ్లలో వాళ్లంతా స్పానర్లు పడేసి పరుగు. కొబ్బరికాయలు, కర్పూరం. టీకొట్టు తెరేసమ్మ గ్లాసులు పట్టుకునే వచ్చి, అటు చూసి ఇటు చూసి, ‘నాకేంటోనయ్యా, మా ఆయన అన్నం మీద అలిగినప్పటి మొహంలాగుంది’ అంది. నవ్వలేక చచ్చాం. ఇంతలో మాస్టారు! గొడుగు అక్కడ పడేసి, పంచె ఎగ్గట్టి, బంపరెక్కి, తడిగుడ్డతో మొత్తం తుడిచేశారు.

తుడిస్తే పోయిందా? బూడిద బండాయె. రోజుకో రూపం. ఒకరోజు అమ్మవారన్నారు, ఒకరోజు వినాయకుడన్నారు. దాంతో మాస్టారు పట్టుపట్టారు. పొద్దున్నే బకెట్టు, గుడ్డ, స్టూలు. ఎండ లేదు, వాన లేదు. దేవుడికి రూపం లేదని నిరూపించడానికి రోజూ స్నానం చేయిస్తున్నారన్నమాట! నేను నవ్వితే కళ్లెర్రజేసేవారు. పైగా తిట్లు. ‘మళ్లీ వచ్చావా? నిన్ననేగా పంపించాను? సిగ్గుండక్కర్లా?’ ఒకసారి అడిగేశా, ఎవర్ని మాస్టారూ తిడుతున్నారూ అని. ‘అక్కడ ఎవరూ లేరు కాబట్టే ధైర్యంగా తిడుతున్నానయ్యా’ అన్నారు. నాలుక చురుకు.

కానీ రాన్రానూ తిట్లు తగ్గాయమ్మా. నేను రేకుల చాటున పెయింటు కలుపుతూ వినేవాణ్ణి. ‘కాస్త ఇటు, మూల అంటలేదు. ఆఁ, అలా ఉండు.’ ‘ఇవాళ మోకాలు పట్టేసింది, నువ్వే సర్దుకో.’ ‘మా చిన్నదానికి ఇవాళ ఇంటర్వ్యూ, వింటున్నావా?’ నేను కండువా నోట్లో కుక్కుకునేవాణ్ణి నవ్వు బయటికి రాకుండా. ఎందుకో తెలుసా? నవ్వితే మానేస్తారని భయం. ఆ మనిషి ఇంట్లో కూడా అంత మనసిప్పి మాట్లాడేవారు కాదట.

నాలుగేళ్లకి బండి అమ్మేశారు. ఉయ్యూరు చెరకు ఆసామి ఎవరో కొన్నాడు. ఆ ఖాళీలో వెంకటేశ్వరస్వామిని వెయ్యి అన్నాడు. సరేనని నిచ్చెనెక్కి బ్రష్షు ముంచానో లేదో, అలవాటు కొద్దీ బకెట్టుతో మాస్టారు దిగారు. ‘హనుమయ్యా, ఆగు! ఆగవయ్యా! ఆయన మీద వెయ్యకు!’ బ్రష్షు నుంచి పెయింటు కారుతోంది. నేను కిందకి చూసి, ఎవరి మీద మాస్టారూ అన్నాను. వెటకారానికి కాదు, నిజంగానే అడిగా. నోరు తెరిచారు. మూశారు. చేతిలో బకెట్టుకేసి చూసుకున్నారు. అట్టే ఆ టైరు మీద కూలబడి నవ్వడం మొదలెట్టారమ్మా! కళ్లజోడు జారిపోయింది, కళ్లెంట నీళ్లు. ‘దొరికిపోయానయ్యా’ అంటారు, మళ్లీ నవ్వుతారు. సాంబయ్య నవ్వు, నేను నవ్వు, ఎందుకో తెలీకుండానే తెరేసమ్మ నవ్వు. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న మనిషిని చూళ్లేదు, ఒట్టు.

ఉయ్యూరాయనకి కొత్త రేకు బిగించి స్వామిని వేసిచ్చా. ఈ రేకు బోల్టులు విప్పి మాస్టారి ఒళ్లో పెట్టా. రిక్షాలో రెండు చేతుల్తో పట్టుకుని తీసుకెళ్లారు. గుమ్మంలో వాళ్లావిడ బాలసరస్వతిగారు, ‘ఎవరండీ ఈయన?’ అన్నారు. ‘తెలీదోయ్, కానీ బాగా కావలసినవాడు’ అన్నారీయన. అదే మాట మీద పదకొండేళ్లు బతికారు. ఆయన పోయాక ఆవిడే నాకు కబురు పెట్టి ఇచ్చేశారు, ‘రోజూ తుడవాలటయ్యా, నాకు చేతులు అందట్లేదు’ అని.

అదమ్మా సంగతి. నేనా? నేను తుడుస్తానంతే. దుమ్ము పడుతుంది కదా. నా చేత్తో వేసిన ఖాళీ అది, అక్కడ ఎవరూ లేరని నాకంటే ఎవరికి తెలుసు? నేనేం మాట్లాడను, నాకేం పిచ్చా... ఏంటీ? ఇవాళ పొద్దునా? షట్టరు సగం తెరిచే ఉందా? ఎంతసేపట్నుంచి వింటూ నుంచున్నావేంటి నువ్వక్కడ... ఊఁ... సర్లే. ఏదీ, ఆ స్టిక్కరు కొలతలిటియ్యి. మూడున్నర అడుగులన్నావా, నాలుగా?