రాకాసిబల్లి వెనక కాళ్ళు

రావులపాలెం అరటికాయల మార్కెట్లో, వందమంది చూస్తుండగా, సత్తిరాజు పోయి చంద్రరావు చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరికీ అరవై దాటాయి, సిగ్గు మాత్రం ఒక్కడికీ లేదు.

"చదువు. పేపర్లో ఏం వాగావో నీ నోటితోనే విందాం."

"చొక్కా వదలరా సత్తిరాజూ, గుండీలూడిపోతాయి."

"గుండీలేంటి, గూబ ఊడుద్ది! చదవవా? నేనే చదువుతాను. 'అప్పట్లో పిల్లలంతా చూసిన రాకాసిలంక సీరియల్లో డైనోసార్ వేషం వేసింది నేనొక్కణ్ణే.' ఒక్కణ్ణే! తలకాయ, ముందుకాళ్ళు నీవి. వెనక కాళ్ళెవడివిరా, మీ తాతవా?"

"అరవకు బావా, అందరూ చూస్తన్నారు."

"బావా లేదు, గీవా లేదు. చూడనీ! తీర్థాల్లో ఎద్దు వేషం కట్టుకునే వాళ్ళం మనిద్దరం. ఎద్దుని ఆడించినట్టే దీన్నీ ఆడించండని ఆ టీవీవాళ్ళు మనిద్దర్నీ పిలిచారా, లేదా? ఆ గోనెసంచుల బల్లిలో నీ నడుం పట్టుకుని, వంగి వంగి, ఉడికి చచ్చానా, లేదా?"

"చచ్చావు. ఎవడు కాదన్నాడు?"

"నువ్వే! పేపరెక్కి మరీ! మా తాతే డైనోసారని మా మనవరాలు స్కూలంతా చెప్పుకుంది. ఇది చూసి అందరూ కోతలు కోస్తోందంటన్నారంట. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదది."

"అయ్యో..."

"అయ్యో అంటే సరిపోద్దా? రేపు రాజమండ్రిలో ఆ టీవీవాళ్ళు నీకు చేసే సన్మానానికి దాన్ని తీసుకెళ్తన్నాను. నేనూ స్టేజీ ఎక్కుతాను."

"ఎక్కకు."

"ఏంటీ?"

"రేపు నువ్వు రావద్దు. కొడితే కొట్టు."

"శాలువా కోసమేగా! థూ! ఆ గుడ్డముక్క కోసం..."

"శాలువా నీకే తెచ్చిస్తానురా. స్టేజీ మాత్రం ఎక్కకు."

"ఏం, నేనేమన్నా దొంగనా?"

"హారతి వస్తోంది."

"ఏ హారతి? సీరియల్లో చిన్నపాపా? ఏటిగట్టు మీంచి కాలుజారి పడి, మళ్ళీ షూటింగుకి రాలేదు, ఆ పిల్లేనా? వస్తే రానీ. ఆ పిల్లకీ నాకూ ఏంటి?"





"ఇప్పటికీ కుంటుతూనే నడుస్తోందంటరా. తనని పడేసినవాడి మొహం ఒక్కసారి చూడాలని టీవీవాళ్ళతో అందంట."

"పడేసిందెవడు? కాలుజారింది కదా?"

"నీకలా చెప్పాం."

"చెప్పామంటే?"

"వెనకున్నోడికి ఏమీ కనపడదు కదా. తిరగమని కేకేశాను, నువ్వు గిర్రున తిరిగావు. తోక పోయి ఆ పాపకి తగిలింది. పిల్ల ఎగిరి గట్టుకింద రాళ్ళమీద పడింది."

"ఒరేయ్..."

"నీకు తెలిస్తే మళ్ళీ వేషం కట్టవని అప్పుడు చెప్పలేదు. తర్వాత నోరు రాలేదు. లోపల ఇద్దరమని ఆ పసిదానికేం తెలుసు? తిట్టనీ, చెప్పుచ్చుకు కొట్టనీ, నన్నే కొడుతుందని... ఒక్కణ్ణే అన్నాను."

"ముప్పై ఏళ్ళు దాచావా! నువ్వెవడివిరా దాచడానికి? ఆవిడ చూడాల్సిన మొహం నాది!"