బొమ్మ లేని పేజీ

ముందు ఆ కప్పు కింద పెట్టు. అది నాది.

ఈ టీ గదిలో ఎవరి కొక్కేనికి వాళ్ళ కప్పు. ముప్పై నాలుగేళ్ళుగా నాది ఆ మూడో కొక్కేనికే వేలాడుతోంది. బయటివాళ్ళకి సింకు కింద తెల్ల కప్పులున్నాయి. నీకెవరూ చెప్పలేదా? ఎందుకు చెబుతారులే, నువ్వు మాకు చెప్పడానికొచ్చావు గానీ వినడానికి కాదుగా.

సరే, తాగేశావు కదా, కానీ. కూర్చో. మిగతావాళ్ళంతా నీ కాగితం మీద సంతకాలు గీకేసి పోయారు. పిల్లల్ని ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి దింపాలట. నేనెందుకు పెట్టలేదని అడగాలని నీకు నాలుక దురద పెడుతోంది, కనిపిస్తూనే ఉంది.

నీకెన్నేళ్ళు ఇమొజెన్? ఇరవై ఆరా? నేను ఈ ఊళ్ళో ఒకటో తరగతికి పాఠం చెప్పడం మొదలెట్టే నాటికి నువ్వు పుట్టలేదు. అలాంటిది ఇవాళ తొమ్మిదిమంది టీచర్ల ముందు నన్ను లేపి నిలబెట్టి, గొంతు మీద చెయ్యి వేయించి, ‘మ్’ అనమన్నావు. నేను ‘మ’ అన్నాను. ‘వెనకాల అ రాకూడదు గ్లెనిస్, పెదాలు మూసే ఉంచండి’ అన్నావు. మూడుసార్లు అనిపించావు. మూడుసార్లూ ‘మ’ అనే వచ్చింది. ఆ ఆటల మాస్టారు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

నువ్వు మర్యాదగానే అన్నావు. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే.

పైగా ఈ కాగితం ఒకటి. ‘మాట తెలియకపోతే బొమ్మ చూసి ఊహించమని ఇకమీదట పిల్లలకి చెప్పను.’ కింద సంతకమట. అది నేను కలగని కనిపెట్టిందా తల్లీ? నీలాగే ఒకావిడ వచ్చింది, నీలాగే మెళ్ళో కార్డు వేలాడేసుకుని, ఇదే గదిలో కూర్చోబెట్టి నేర్పింది. మొదటి అక్షరం చూడమను, బొమ్మ చూడమను, ఏది కుదురుతుందో అనుకోమను అంది. మేం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు నువ్వొచ్చి అదంతా తప్పు, ఒక్కో అక్షరం శబ్దం పలికించి కలిపి చదివించాలంటావు. ఇంకో పదేళ్ళకి ఇంకొకావిడ వచ్చి నువ్వు తప్పంటుంది.

మా హెడ్మాస్టరు డారెన్ అయితే శుక్రవారానికల్లా నా అల్మారా ఖాళీ చేసి, ఆ బొమ్మల పుస్తకాలన్నీ చెత్తతొట్టిలో పడెయ్యమన్నాడు. ఆ పుస్తకాలు ఎలా వచ్చాయో వాడికేం తెలుసు? ఈ ఊరి తల్లులు హార్డ్‌వేర్ కొట్టు ముందు, మండుటెండలో, ఈగలు తోలుకుంటూ సాసేజీలు కాల్చి అమ్మి కొన్నవవి.

తల్లులంటే గుర్తొచ్చింది. నా క్లాసులో విల్లో అని ఓ పిల్ల ఉంది. వాళ్ళమ్మ షార్నీ, బేకరీలో పనిచేస్తుంది. మా దగ్గర రోజూ పుస్తకం ఇంటికి పంపుతాం కదా, పిల్ల చదువుతుంటే ఇంట్లోవాళ్ళు విని డైరీలో ఓ ముక్క రాయాలి. ఎలా రాయాలో మొదటి పేజీలో నేనే ‘బాగా చదివింది’ అని రాసి పంపుతాను. షార్నీ ఒక్కరోజు తప్పలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా, రోజూ ‘బాగా చదివింది.’ నాకెంత ముచ్చటేసిందో.

మొన్న విల్లో సంచిలో పొరపాటున పెద్దక్లాసు పుస్తకం పెట్టేశాను. డైరీలో రాశాను, ‘తప్పు పుస్తకం వచ్చింది, చదివించకండి, రేపు వెనక్కి పంపండి’ అని. మర్నాడు డైరీ తెరిస్తే దాని కిందే, ‘బాగా చదివింది.’

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. వినకుండానే రాసిపారేస్తోందన్నమాట. సాయంత్రం గేటు దగ్గర పట్టుకుని, నలుగురి ముందూ కడిగేశాను. కూతురికి పది నిమిషాలు కేటాయించలేవా, కనీసం నేను రాసింది చదవలేవా అన్నాను.

షార్నీ డైరీ తీసుకుని చాలాసేపు చూసింది. మెల్లిగా అంది, ‘మిస్, ఇందులో బొమ్మ లేదు కదా.’

అప్పుడు చూశాను ఆ రాత వైపు. అన్నాళ్ళూ నా రాతనే దించింది ఇమొజెన్. నా చేతి వంపులతో సహా.

ఆ జాలి మొహం పెట్టకు, ఇంకా ఉంది. ఈ ఊళ్ళో తల్లులందరూ నన్ను గ్లెనిస్ అనే పిలుస్తారు. మిస్ అని ఎవరంటారో తెలుసా? చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నవాళ్ళు.

అప్పట్లో నా క్లాసులో షార్నీయే ఫస్టు. గడగడా చదివేది. ఓసారి, ఎందుకు బుద్ధి పుట్టిందో, బొమ్మ మీద పచ్చ కాగితం అంటించి చదవమన్నాను. కాసేపటికి పేజీ వదిలేసి నా మొహంలోకి చూడ్డం మొదలెట్టింది. బొమ్మ లేదు కదా, నా మొహం చూసి ఊహిద్దామని. ఆరేళ్ళ పిల్ల.

నేనేం చేశానో తెలుసా? కాగితం పీకేశాను. ‘గుర్రం నీళ్ళు తాగుతోంది’ అంది వెంటనే. భేష్ అని స్టిక్కర్ అంటించి, పై మెట్టు పుస్తకం ఇచ్చి పంపాను. గేటు దగ్గర వాళ్ళమ్మ ఎంత సంబరపడిందో.

కాబట్టి నువ్వొచ్చి చెబితే తెలిసిందనుకోకు. నాకు ఇరవై మూడేళ్ళ కిందటే తెలుసు. తెలిసీ ఆ పచ్చ కాగితం మళ్ళీ ఏ పిల్లకీ అంటించలేదు. భయమేసింది, అంతే.

గురువారం మూడున్నరకి షార్నీ వస్తానంది. మొగుడికి మాత్రం పుస్తకాలకి అట్టలు వెయ్యడానికని చెప్పిందట. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి చదవడం ఎక్కణ్ణుంచి నేర్పాలో నాకు తెలీదు.

ఆ కాగితం, పెన్ను ఇలా తే. నీ కోసం కాదు, సంబరపడకు. ఇప్పటికీ నువ్వంటే నాకు పడదు.

కప్పు కడిగి దాని కొక్కేనికి తగిలించు. తగిలించి, ఇలా వచ్చి ఎదురుగా కూర్చో. గొంతు మీద చెయ్యి వేసుకున్నాను, చూడు.

మ.

తెలుసు, తప్పే. మళ్ళీ చూపించు.