మూడో పూత

నవ్వకు క్లారీ. నీ సమాధి మీద ఈ బోర్డు నేను పెట్టించలేదు. 'తొలితరం వలసవాసి' అట! గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాతో లారీ ఎక్కి, డెబ్భై ఒకటిలో ఈ ముల్యారాలో దిగినవాడివి. అప్పటికే మన పబ్బుకి ఎనభై ఏళ్ళు. ఎంత చెప్పినా ఆర్థర్ వింటేనా? వారసత్వ కమిటీకి అధ్యక్షుడాయె. ఊళ్ళో ఉన్నది ఐదుగురం, కమిటీలోనూ ఆ ఐదుగురమే. ఇంక కాదనేవాళ్ళెవరయ్యా?

మన మరుగుదొడ్డికీ ఓ బోర్డు కొట్టాడు. అదీ చారిత్రకమేనట. మొన్న పొద్దున నేను లోపల ఉండగానే బయట ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారు. నువ్వయితే ఏం చేసేవాడివి? నేను మాత్రం వాళ్ళు పోయేదాకా అట్లాగే కూర్చున్నాను.

సరే, కాస్త కూలబడనీ. ఈ మోకాళ్ళొకటి, ఈ ఈగలొకటి.

నువ్వు పోయాక కొత్త రోడ్డు పడింది, లారీలన్నీ అటే పోతున్నాయి. ఈ ఏడాది చివర పబ్బు మూసేద్దామనే అనుకున్నాను. పబ్బు మూస్తే టపా బండి రాదు. టపా రాకపోతే ఊరెందుకు? ఐదుగురమూ పోయి తీరంలో ఏదో ఆశ్రమంలో, కిటికీ పక్క మంచం కోసం కొట్టుకోవాల్సిందే.

అప్పుడే పట్నం నుంచి ఇమోజెన్ అనే పిల్ల ఉత్తరం రాసింది. పాత కట్టడాలు చూసే ఆఫీసులో ఉద్యోగం. మన గొర్రెల షెడ్డు బంగారమట! వందేళ్ళుగా కత్తిరించేవాళ్ళంతా ఉన్ని బేళ్ళకి ముద్రలేసే నల్ల సిరాతో గోడల మీద పేర్లు రాసుకున్నారు కదా, అలాంటిది ఇంకెక్కడా లేదట. తనొచ్చి చూసి పాత కట్టడాల జాబితాలోకి ఎక్కిస్తే, టూరిస్టు బస్సు వారానికోసారి మన దగ్గర ఆగుతుందట.

ఉత్తరాలొచ్చేది పబ్బుకే కదా. కమిటీకి నేనే చదివి వినిపించాను. ఆర్థర్‌కి అద్దాలున్నా కనపడదు, లేకపోయినా కనపడదు.

ఇంకేముంది, ఊరికి పెద్దమనిషి వస్తోందన్నాడు ఆర్థర్. ఎవరొచ్చినా రంగు కొట్టడమే మనకు తెలిసిన మర్యాద! బిషప్పు వస్తే చర్చికి కొట్టాం. విమానంలో తిరిగే డాక్టరొస్తే, ఏమీ దొరక్క, విమానం దిగే చోట రాళ్ళకి కొట్టాం. ఈసారి శనివారం పొద్దున్నే ఐదుగురమూ బ్రష్షులు పట్టుకుని షెడ్డులోకి దిగాం. పబ్బుకి కొట్టగా మిగిలిన మీగడరంగు. సాయంత్రానికి గోడలు పాలలా మెరిసిపోయాయనుకో. వందేళ్ళ పేర్లలో ఒక్కటి మిగల్లేదు.

ఇమోజెన్ వచ్చింది. తలుపు తీసింది. చూసింది. పాపం, అక్కడే గొర్రె పెంటికల మీద కూర్చుండిపోయింది. ఆర్థరేమో పక్కనే నిలబడి, ఎలా ఉందమ్మా మా పనితనం అని అడుగుతున్నాడు.

జాబితా పోయింది. పేపర్లో పడ్డాం. 'సొంత చరిత్రకి సున్నం కొట్టుకున్న ఊరు' అని వేశారు. సున్నం కాదు, రంగు, అది కూడా సరిగ్గా రాయలేరు వెధవలు. ఇక అయిపోయిందనుకున్నాను. సీసాలు పెట్టెల్లో సర్దడం కూడా మొదలుపెట్టాను.

చూడు మరి ఈ లోకం! వారం తిరక్కుండా టూరిస్టుల కారవాన్ బళ్ళు మూడు. ఎందుకయ్యా అంటే, ఆ వెర్రిబాగుల గోడ చూడ్డానికట. తర్వాత బస్సు. ఇప్పుడు వారానికి రెండు బస్సులు. ఆర్థర్ కర్ర పట్టుకుని, ఇదిగో ఇక్కడ ఫలానావాడి పేరుండేది అని ఒట్టి గోడ చూపిస్తాడు, వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. ఆర్థర్ వాళ్ళావిడ డల్సీ చేసే స్కోన్ రొట్టెలు మధ్యాహ్నానికే ఖాళీ. చరిత్ర ఉన్నన్నాళ్ళూ కుక్క కూడా ఇటు చూడలేదు. దాన్ని తుడిచేశాక వరస కట్టారు.

పబ్బు నిలబడింది క్లారీ. సంతోషించు.

ఎక్కడ సంతోషించనిస్తారు? పేపర్లో పడ్డాం కదా, ఎవరో జాలిపడి చందాలెత్తారట. సోమవారం నుంచి ఇమోజెన్ వచ్చి ఆ రంగు ఊడదీస్తుందట. చిన్న కత్తితో, దూదితో, ఒక్కో చెక్కే. నిన్న వచ్చి లైటేసి చూసుకుంది. గోడంతా ఒక్క పూతేనట. కిటికీ పక్క చెక్క మీద మాత్రం మూడు పూతలున్నాయట. "దీని కింద ఏదో గొప్పదే ఉండుంటుంది మెర్ల్. దీంతోనే మొదలెడతాను," అంది.

నీకు తెలుసుగా ఏ చెక్కో.

యాభై ఏళ్ళు ఆ షెడ్డులోకి నన్ను అడుగు పెట్టనిచ్చావా? పాములున్నాయన్నావు. పైకప్పు కూలుతుందన్నావు. నువ్వు పోయాక, గోడల మీది పేర్లన్నీ ఎక్కించమని ఆర్థర్ నాకో పుస్తకమిచ్చి పంపితే వెళ్ళాను. ఒక్క పామూ లేదు. నీ చేతిరాత ఉంది. 'క్లారీ - డల్సీ. కత్తిరింపు అయిపోగానే పెళ్ళి.' కింద సెప్టెంబరు, డెబ్భై ఒకటి. నన్ను చేసుకున్నది డిసెంబరులో.

తప్పు చేశావనడం లేదు. అప్పటికి నేనెవరో నీకు తెలియదు. కానీ ఒక్కసారి చెప్తే ఏం పోయేది? వంటమనిషిగా వచ్చిన పిల్ల ఆర్థర్‌ని చేసుకుందని, మిగిలింది నేనని? ఇన్నేళ్ళు ఆవిడ పక్కనే కూర్చుని స్కోన్లకి పిండి కలిపాను కదయ్యా. ఇప్పుడు వారానికి రెండు బస్సుల జనం నిలబడి చదువుకోవాలా, పబ్బు ముసల్ది రెండోదని?

ఉత్తరంలో ఒక వాక్యం ఉంది క్లారీ. దాని కింద గీత కూడా గీసింది. 'దయచేసి గోడలు ముట్టుకోవద్దు.' అది నేను పైకి చదవలేదు. పేజీ తిప్పేశాను. ఆ చెక్క దగ్గరికి ముందు బ్రష్షు పట్టుకుని పోయింది నేనే. పేపర్లో ఆర్థర్‌ని మూర్ఖుడని రాస్తే, నేనూ నవ్వాను.

కానీ నేను వేసింది రెండు పూతలే.

రాత్రంతా అదే ఆలోచన. రెండు పూతలు వేసి, అందరికీ టీ పెట్టడానికి పబ్బుకి పోయాను. వచ్చేసరికి డల్సీ ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉంది, గాలి తగలట్లేదంటూ.

ఇవాళ పొద్దున పెరటి వైపు నుంచి వచ్చింది. కూర్చోలేదు. "మెర్లూ, ఆ రంగేమైనా మిగిలిందా?" అంది.

"దేనికే?"

"మా గుమ్మానికి."

వాళ్ళ గుమ్మం నలభై ఏళ్ళుగా ఆకుపచ్చే. నా మొహంలోకి చూడలేదు. నేనూ తన మొహంలోకి చూడలేదు. ఆర్థర్‌కి అద్దాలు మార్పించారట పట్నంలో, ఇప్పుడు బాగా కనపడుతోందట, అంతే చెప్పింది.

ఒక్కో పూత ఊడదియ్యడానికి వారం పడుతుందంది ఇమోజెన్. నాకు డెబ్భై ఆరు, డల్సీకి డెబ్భై ఎనిమిది. డబ్బాలో ఇంకా సగం ఉంది.

లేస్తానయ్యా. షెడ్డు తాళం నా దగ్గరే ఉంది, డల్సీ అక్కడ ఎండలో నిలబడి ఉంటుంది.