నడిమి రాయి

హలో… హలో… ఆ, నేనే సార్, ఓవర్సీరు ఎర్రిస్వామిని! పోస్టాఫీసు నుంచి చేస్తాండా… పొద్దున ఎనిమిదికి ట్రంకుకాల్ చెప్తే ఇప్పుడు కలిపినారు…

ఆ, మీ మెమో అందింది. అందబట్టే చేస్తాండా.

…లేదు సార్. రాయి జరపలేదు.

…

దివాకర్ సారూ, ఒక్క నిమిషం… నేను చెప్పేది వినండి సార్—

తప్పు నాదే. కాదన్నానా? కొత్త పేటలో నాలుగు రోడ్లు కలిసే తావ నడిమి రాయి నాటమని మీరు ప్లానిచ్చినారు. కొలిచేటప్పుడు ముండ్లకంప అడ్డమొచ్చింది, చుట్టి పోయినా. నలబై అడుగులు తూర్పుకు తప్పింది. …ఆ, నలబై! ఆ కంపలో ఒకసారి మీరూ దిగి చూడండి, తెలుస్తాది…

కోపం కాదు సార్. లైను బాగలేదని అరుస్తాండా.

…ఎందుకు జరపలేనంటే… దూరానికి కనపడాలని దానికి సున్నం కొట్టి, ఎర్రమన్ను పట్టెలు వేసినా. …అవును, గుడి గోడకు వేసినట్లే. అప్పుడు నాకు తోచలే! ఆ సాయంత్రమే వాన పడింది సార్. మూడేండ్లుగా చినుకు లేని నేల, రాయి నాటిన పొద్దే తడిసింది!

…నాకెట్ల తెలుస్తాది? నేనేమన్నా వరుణదేవుడినా?

తెల్లారి పోయి చూస్తే బయమ్మ దానికి పసుపు పూస్తాంది. …గొర్లు మేపుకునే ముసలామె సార్. నన్ను చూసి, "నీ చేతిలో దేవుడుండాడు నాయనా" అని నా కాళ్ళు మొక్కింది! …చెప్పినా సార్, ఎందుకు చెప్పలేదు? ఇది దేవుడు కాదమ్మా, నా కొలత తప్పిందంటే, అపచారమని నా నోరు మూసింది.

ఇప్పుడు జనానికి అది బొడ్రాయి. …ఆ, మీ ఊర్లోనూ ఉంటాది కదా, అదే. ఊరికి బొడ్డు. నాటినాక కదిలిస్తే కీడంటారు.

…పోలీసులా? ఒక రాయి పెరికేదానికి పోలీసులా సార్?

…కూలోళ్ళను పిలిచినా. ఒక్కడు గడ్డపార ముట్టలే. కొలత గొలుసు పట్టే మా కుళ్ళాయప్ప లేడూ, నా కింద పనిచేసేటోడు, వాడే "జీతం కోసుకో అన్నా, చెయ్యి మాత్రం పెట్టను" అనె.

తెలుసు సార్. సోమవారం కలెక్టరు దొరవారు శంకుస్థాపనకు వస్తారు. అప్పటికి ప్లాను, రాయి ఒకటి కాకపోతే నా ఉద్యోగం పోతాది. మీరే రాసినారు, నేనే చదువుకున్నా. మా ఇంటామెకు కూడా చదివి వినిపించినా. పొయ్యి ముట్టించలే ఆ పూట.

అందుకే అడుగుతాండా. రాయి కదలదు, మీ ప్లానే కదలాల. …అయ్యో, ఎందుకు కాదు? కాగితం మీద నలబై అడుగులెంత సార్, గోరంత!

…అరవై అంగళ్ళు, బస్టాండు, శనక్కాయల మార్కెట్టు, ఏదీ ముట్టుకోవద్దు. రాయి చుట్టూ గుండ్రంగా రోడ్డు తిప్పండి, అంతే. …ఎందుకు తిరగవు? తాడిపత్రి బండలు మోసే లారీలు కనుమల్లోనే తిరుగుతాండాయి, ఒక రాయి చుట్టూ తిరగలేవా?

…ఎనబై ఐదో సంవత్సరానికి ఊరు రెండింతలవుతాదని మీరు లెక్క కట్టినారు. మంచిదే. ఎన్ని బస్సులొస్తాయి, ఎంత మంది దిగుతారు, అంతా రాసినారు. ఇప్పుడు ఈడుండే జనం ఏం చేస్తారో ఒక్క వరుస రాసినారా? ఒక్కనాడన్నా వచ్చి చూసినారా? మీరు ఫ్యాను కింద కూచోని గీస్తిరి, నేను ఎండలో మాడి నాటితి—

…

తప్పయింది సార్. నోరు జారింది.

…హలో? ఉండారా?

ఆపరేటరన్నా, ఇంకో మూడు నిమిషాలియ్యి. నీకు పుణ్యముంటాది.

…మళ్ళా వానా? యాడిది సార్! ఆ ఒక్క పొద్దే. నెలయింది. అది చూసి విత్తిన శనక్కాయంతా మాడిపోతాండాది. తాగేదానికి నీళ్ళు లేకున్నా రాయికి రోజూ బిందెలతో పోస్తాండారు. దేవుడింకా కరగలేదేమని ఇప్పుడిప్పుడే గొణుగుతాండారు…

…

ఏమన్నారు? …మళ్ళా చెప్పండి, వినపడలే…

చెరిపేస్తాండారా? …గుండ్రంగానే? …అబ్బ! సార్, మీ కడుపు చల్లగుండ! …రాయి ఆడే ఉండాదని, ఎన్నటికీ కదలదని నేను రాసియ్యాల్నా? ఇస్తా సార్, వేలిముద్ర కూడా వేసిస్తా! …పెట్టండి సార్, సంతకం పెట్టండి. నేను ఫోను పట్టుకోనే ఉంటా.

…ఏమప్పా కుళ్ళాయప్పా, ఎందుకట్ల రొప్పుతాండావు? ఉండు, సారుతో మాట్లాడతాండా.

…ఏంది?

…ఎవరు పెరికింది? బయమ్మనా!

…వాన పడేదాకా బాయిలో ముంచి పెడతారా? …దేవునికి ఊపిరాడకుంటే మేఘం కదులుతాదా! …గడ్డపార ఎవరిచ్చినారు? …నువ్వా! నేనడిగితే చెయ్యి పెట్టనంటివి కదరా!

…వాన పడినాక యాడ నాటతారంట? …బయమ్మ గొర్ల దొడ్డి ముందరా!

హలో! సార్! సంతకం పెట్టొద్దండి! …పెట్టేసినారా? …సిరా ఆరిందా? తుడిచెయ్యండి సార్! …కాదు, కదలదంటిని, అది ఇప్పుడు బండెక్కి పోతాండాది! …తాగలేదు సార్, మా అమ్మతోడు తాగలేదు! ఉత్త నేల చుట్టూ రోడ్డు తిప్పితే కలెక్టరు దొర నన్నేమంటాడు? మీ పాత ప్లానే ఉంచండి, ఇప్పుడైతే సరైన తావనే ఇంకో రాయి నాటుతా—

హలో?

…హలో?

ఆపరేటరన్నా, కట్టయింది, మళ్ళా కలుపు. …రేపు పొద్దునకా?

…

పద కుళ్ళాయప్పా. బండి బాయికాడికి చేరకముందే పోయి, రాయిని మళ్ళా ఆడనే నాటించాల. ఈసారి బయమ్మ కాళ్ళు నేను మొక్కాల.