నాలుగంతస్తుల మెట్లు

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చాక. భోజనానికి కూర్చున్నది ముగ్గురు: లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగి, అతని భార్య, తల్లి.

"మళ్ళీ సబ్బు నీళ్ళలో నానబెట్టింది ఎవరండీ?"

"నేనే. ఉరి తియ్యి."

"ఉరెందుకు? సబ్బు తడిలో వదలొద్దని స్నానాలగది తలుపు మీద అంతంత అక్షరాలతో రాసి అంటించాను కదా, కనపడలేదా?"

"ఆ కాగితమే వచ్చింది నా ప్రాణానికి! అది అంటించిన దగ్గర్నుంచీ స్నానానికి వెళ్ళినవాణ్ణి దోషినై బయటికొస్తున్నాను."

"కాగితం లేనప్పుడూ సబ్బు కరిగేదండీ. అడిగే దిక్కు లేదు, అంతే."

"సబ్బు గోల ఆపవే అమ్మాయ్. ఒరేయ్, ఇవాళ చర్చిలో అందరూ ప్రభువు బల్ల రొట్టె తీసుకుంటే నువ్వు తీసుకోలేదేంరా?"

"కడుపులో బాగోలేదమ్మా."

"చిటికెడు రొట్టెకి కడుపేం చేసిందిరా? పలక పట్టకముందే పది ఆజ్ఞలూ నేర్పాను నీకు."

"నేర్పావు. అదే తంటా. నేర్పకపోతే హాయిగా తీసుకునేవాణ్ణి."

"అత్తయ్యా, ఉండండి. ఏవండీ, వారం నుంచి చూస్తున్నాను. గిన్నె జారితే చాలు, ఎగిరిపడుతున్నారు. ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏవండీ..."

"చెయ్యలేదంటున్నాగా! అదే గొడవ. నెలనెలా పైకెక్కి, లిఫ్టు తాడు చూసి సంతకం పెట్టాలి. కొత్త రూలు. ప్రసూతి ఆసుపత్రిలో రెండు నెలలుగా కిందనుంచే పెట్టాను."

"తాడు బాగానే ఉందా?"

"ఎక్కి చూస్తేగా తెలిసేది! మోకాళ్ళ నొప్పి, ఎండ, ఏదో ఒకటి. ఇదివరకు ఏడాదికోసారి చూసేవాళ్ళం. అప్పుడు అందరం నీతిమంతులమే. అనాలంటే ఆ రూలు రాసినవాణ్ణి అను!"

"బాగుంది. జ్వరమొచ్చిందని థర్మామీటరు విరగ్గొడతారా?"

"థర్మామీటరు జ్వరం తగ్గిస్తుందా మరి? నూట మూడు అని చెప్పి ఊరుకుంటుంది."

"తగ్గించదు. అందుకే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. పొద్దున పాస్టరుగారు చెప్పిందీ అదేగా. తప్పు ఒప్పుకుని ప్రభువు దగ్గరికి రమ్మన్నారు, దాచుకోమన్నారా?"

"పోనీలేవే. ఒరేయ్, రేపు పొద్దున్నే ఎవరికంటా పడకుండా ఎక్కి చూసొచ్చెయ్."

"నువ్వేనా అమ్మా ఈ మాటనేది?"

"ఉద్యోగం పోతే ఏం తింటాంరా!"

"ఉండండి, ఉండండి. బుధవారం మా చెల్లి బిడ్డను చూడ్డానికి వెళ్తుంటే మెట్లెక్కి వెళ్ళమన్నారు మీరు. నాలుగంతస్తులు. ఒంటికి మంచిదన్నారు."

"ఊఁ."

"అదే ఆసుపత్రి."

"అదే."

"ఇవాళ సాయంత్రం దాన్ని ఇంటికి పంపిస్తున్నారండీ! పచ్చి బాలింత, చేతిలో పసిగుడ్డు. మెట్లు దిగుతుందా అది?"

"ఏ రూలూ లేకపోయినా నిన్ను మాత్రం మెట్లెక్కించేవాణ్ణే. అంటే ప్రమాదమని నాకు తెలుసు. తెలిసే మిగతావాళ్ళను లిఫ్టు ఎక్కనిచ్చాను."

"ముందు నాలుగు ముద్దలు తినరా నాయనా. తిన్నాక ఆలోచిద్దాం."

"అన్నం ఉండనీ అమ్మా. నువ్వు ఆ ఫోను ఇటివ్వు. లిఫ్టు ఇప్పుడే ఆపమంటాను. ఎందుకని అడుగుతారు. చూడకుండా సంతకం పెట్టానని చెబుతాను."